రొయ్యలకి శుక్రవారం సెలవు

శనివారం ఉదయం ఐదూ నలభైకి చెరువుల మీద నుంచి ఫోన్ వచ్చింది. కొత్తేమీ కాదు. మా ఆరు రొయ్యల చెరువుల నుంచి రోజూ ఆ వేళకే వస్తుంది. గట్టు వెంబడి తిరిగొచ్చిన మనిషి ఎన్ని రొయ్యలు చనిపోయాయో, మేత ఎంత మిగిలిందో చెబుతాడు. తొమ్మిదేళ్ళు ఆ ఫోన్ మా ఆయన ఎత్తి నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఇప్పుడు నేను ఎత్తుతున్నాను.

"ఆయ్, రెండో చెరువులో పద్నాలుగు, ఐదులో పన్నెండు పోయాయండమ్మా. మిగతావి బానే ఉన్నాయండి," అన్నాడు శనివారం మనిషి.

చెరువుల మీద ఎప్పుడూ ఉండే మనిషి శనివారం గుడికి వెళ్తాడు. ఆ ఒక్కరోజుకీ ఈయన ఉంటాడు, ముందురోజు రాత్రే వచ్చి. గోదావరిలో వల వేసుకుని బతికిన మనిషి. మోకాళ్ళు సహకరించక పడవ ఎక్కడం మానేశాక ఆయనకి మిగిలిన పని మా శనివారం ఒక్కటే.

అరగంటకి మా మరిది ఫోన్ చేశాడు. పాలకొల్లులో ఉంటాడు. సరుకు అమ్మకం అతనిది, చెరువులు నావి.

"చూశావా వదినా? రెండు ఎరుపులు. మళ్ళీ శనివారమే."

ఆ ఎరుపు సంగతి చెప్పాలి. ఆయన పోయాక నోటుపుస్తకాలన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించాను. రెండు నెలలు పట్టింది. తేదీ, చెరువు నంబరు, మేత, చనిపోయినవి, చివర్న ఆయన ఏదైనా మాట రాసుకుంటే అది. ఎక్కించానే గాని చదవలేదు. చదివితే పని సాగదని తెలుసు.

ఆ లెక్కలన్నీ చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుందామని మా మరిది రాజమండ్రి నుంచి ఒకావిణ్ణి పిలిపించాడు. ఇలాంటివి అమర్చిపెట్టడం ఆవిడ ఉద్యోగం. రెండు రకాలున్నాయని చెప్పింది. ఒకటి రిపోర్టులది. ఏం కావాలో ముందే చెప్పేస్తే రోజూ ఉదయం ఫోన్‌కి రంగుల బొమ్మ పంపుతుంది. రెండోది విశ్లేషణది. తనంతట తాను ఏమీ పంపదు. మనం కూర్చుని ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోవాలి.

"కాఫీ తాగేలోపు ఎరుపో పచ్చో తెలిస్తే చాలండి," అన్నాడు మా మరిది. "ఈ వయసులో మేం పరీక్షలు రాయాలా?"

"ఎర్రగా ఎందుకుందో దాన్ని అడగలేరండి మరి."

"ఎందుకని అడగడానికి మా వదిన ఉందిగా. పెళ్ళినాటి నుంచీ ఆవిడ పని అదే."

రెండూ నేర్చుకునే ఓపిక మాకు లేదు. ముందు రిపోర్టులది నెల్లాళ్ళు వాడి చూద్దామనుకున్నాం. పది దాటినవి ఎర్రగా చూపించమన్నాడు మా మరిది. బాగున్నవి చూసి ఏం చేస్తామని వాటిని అసలు చూపించొద్దన్నాడు.

నెల తిరిగేసరికి తేలింది. ఎరుపంతా శనివారాల్లోనే ఉంది. పాత నోటుపుస్తకాల్లోనూ అంతే.

"అర్థమైందిగా," అన్నాడు మా మరిది ఆ శనివారం ఫోన్‌లో. "ఆయన ఉండేది శనివారం. రొయ్యలు చచ్చేదీ శనివారమే. రాత్రి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు కట్టేసి నిద్రపోతున్నాడు. వచ్చే శనివారం నుంచి మానేయమని నేను చెప్పేస్తాలే. నువ్వు చెప్పలేవు."

నిజమే, చెప్పలేను. అలాగని అడ్డు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బొమ్మ అంత స్పష్టంగా ఉంది. రాజమండ్రి ఆవిడకి ఫోన్ చేసి, శనివారం లోపల ఆ రెండో రకం తీసుకుని ఒకసారి రాగలవా అమ్మా అని అడిగాను.

గురువారం వచ్చింది. మా మరిదీ వచ్చాడు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఆ శనివారం ఆయన మీ దగ్గర చేరి ఎన్నాళ్ళైందండి?" అని అడిగింది.

"ఆరేళ్ళు."

"అయితే అంతకు ముందు మూడేళ్ళ శనివారాలు చూద్దాం."

చూసింది. అప్పుడూ శనివారమే ఎక్కువ. మా మరిది చేతులు విప్పాడు.

"ఇప్పుడు ఎరుపులు వదిలేసి వారంలో అన్ని రోజులూ చూద్దామండి," అంటూ ఏదో నొక్కి, నా వైపు తిరిగింది. "మేడమ్, తొమ్మిదేళ్ళలో శుక్రవారం నాడు ఒక్క రొయ్య కూడా చనిపోలేదండి."

"ఒక్కటి కూడానా?" అన్నాడు మా మరిది.

"ఒక్కటి కూడా. మీ రొయ్యలకి శుక్రవారం సెలవా అండి?"

ఆవిడ శనివారం వరసల్ని ఒక్కొక్కటే తెరిచి, చివర్న ఉన్న ఆయన మాటలు పైకి చదవడం మొదలుపెట్టింది.

"'నిన్నటి కబురు. ఇవాళ రాయడానికి అనుమతి దొరికింది.' ఇంకోటండి. 'నిన్నటివి ఎనిమిది, ఇవాళ్టివి మూడు. లక్ష్మీదేవికి తెలియనివ్వలేదు.' ఇంకోటి. 'నిన్న నాలుగో చెరువు అలిగింది. ఇంట్లో చెప్పలేదు. ఇడ్లీ ప్రశాంతంగా తిన్నాను.'"

మా మరిది నన్ను చూశాడు. "వదినా. నువ్వేనా?"

నేనే. చెరువులు మొదలుపెట్టిన తొలి శుక్రవారమే నేను దీపం పెడుతుంటే ఆయన ఫోన్ పెట్టేసి, "మూడో చెరువు పోయిందోయ్," అని కేక వేశారు. శుక్రవారం పూట, దీపం ముందు ఆ మాటలేంటండి, చచ్చినవాటి సంగతి ఇవాళ ఎత్తకండి, రాయకండి అన్నాను. మా అమ్మ అనేది, నేనూ అన్నాను. ఆయనకి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. మరుసటి వారం నుంచి శుక్రవారం ఫోన్ పెరట్లోకి తీసుకెళ్ళి మాట్లాడేవారు. లోపలికొచ్చి "అంతా బ్రహ్మాండం" అని చెప్పి, చెరువుకి వెళ్ళి చెయ్యాల్సింది చేసి, శనివారం రాసుకునేవారు. నేనన్న మాట నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆయన తొమ్మిదేళ్ళు పాటించారు.

ముందు నవ్వింది మా మరిది. తర్వాత నేను. ఎనిమిది నెలల్లో నేను పైకి నవ్వడం అదే మొదలు. రాజమండ్రి ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది.

రోజూ ఉండే మనిషికి అప్పుడే ఫోన్ చేశాను. "శుక్రవారం పోయినవి నాకెందుకు చెప్పట్లేదు?"

"ఆయ్, మీరే కదండమ్మా వద్దన్నారంట. అయ్యగారు ఉన్నప్పుడు ఆయనకి పెరట్లో చెప్పేవోణ్ణండి. ఇప్పుడు ఫోనెత్తేది మీరే కదండి. అందుకని శనివారం ఆయనకి చెప్పి పోతున్నానండి. రెండ్రోజులవీ కలిపి ఆయన చెబుతాడండి."

"మరి ఆయనైనా ఆ మాట నాతో అనలేదేం?"

"అందరికీ తెలిసిన సంగతే అనుకున్నాడేమోనండి."

"శనివారం ఆయన్ని ఉండనీ వదినా," అన్నాడు మా మరిది. తర్వాత రాజమండ్రి ఆవిడతో, "ప్రశ్నలడిగే రకమే తీసుకుంటామండి. కానీ పొద్దున్నే నాకు రంగు లేకపోతే కాఫీ దిగదు."

"దాంట్లోంచే రోజుకో బొమ్మ వచ్చేలా పెడతానండి. అన్ని రోజులూ కనబడేలా."

మర్నాడు శుక్రవారం. ఐదూ నలభైకి ఫోన్ మోగింది. దీపం వెలుగుతోంది.

"చెప్పమంటారాండమ్మా?"

"చెప్పు."

"మూడో చెరువులో ఆరు పోయాయండి."

శుక్రవారం కింద ఆరు వేశాను. చివరి గడిలో ఏదో ఒకటి రాద్దామనుకుని, ఏమీ తోచక ఖాళీగా వదిలేశాను. మూడో చెరువు నీళ్ళు చూడ్డానికి మనిషిని వెంటనే పంపాం. శనివారం ఫోన్ శనివారం మనిషే చేశాడు.

శుక్రవారం కబురుని శనివారం దాకా ఆపడం ఇప్పుడు మా ఇంట్లో లేదు.