మొదటి బరువు యాకూబ్ భాయ్‌ది

వానలు వెలిశాక పికప్ కిందికి దూరి, బండి బరువు మోసే కమాన్ పట్టీల సందుల్లో కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తాను. ఆ వాసన తగలగానే తల్లాడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని సుత్తి అందుకునే యాకూబ్ భాయ్ కళ్ల ముందుకొస్తాడు. లారీలకు, పికప్‌లకు కమాన్ పట్టీలు కట్టడం ఆయన పని. ఆయన పోయి ఏడాది కావస్తున్నా, చేతికంటిన ఆ నూనెను వెంటనే కడుక్కోబుద్ధి కాదు.

నాది జనరేటర్ల కిరాయి వ్యాపారం. పర్ణశాల జాతరకో, భద్రాచలం అవతల అడవి పల్లెల్లో పెళ్లికో, జనరేటర్ ఉన్న రెండు చక్రాల ట్రాలీని పికప్ వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. కొత్త బండి కొన్న హుషారులో ఆయన దగ్గరికెళ్లి, వెనక పట్టీలు మూడేసి పెంచమన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది తమ్మీ, గుట్టను గుంజుకపోతవా? ఒక్కటి చాలు. ఎక్కువేస్తే ఖాళీ బండి గుంతగుంతకు ఎగురుతది, నీ నడుం బోతది."

అంతటితో ఆగలేదు. ట్రాలీ తగిలించడానికి ఎవరో బంపర్‌కు అతికించి ఇచ్చిన కొక్కేన్ని కోసి అవతల పారేశాడు. ఛాసిస్‌కు అడ్డంగా మందపాటి ఇనుప కమ్మీ బిగించి, దానికి కొత్త కొక్కెం పెట్టాడు. జనరేటర్‌ను ట్రాలీలో కాస్త ముందుకు జరిపించాడు. బరువు వెనక పడితే ట్రాలీ పాములా మెలికలు తిరుగుతుందట. ఇక అయిపోయిందనుకుని నేను తాళం తిప్పబోతుంటే, ఆయన వెళ్లి ట్రాలీ ముందు అంచున, కొక్కేనికి దగ్గరగా కూర్చున్నాడు. "నడువు. నేను కట్టినదానికి మొదటి బరువు నేనే." గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఒకటే కేక: "మెల్లగ, తమ్మీ!" నాకు నవ్వూ వచ్చింది, చిరాకూ వేసింది.

ఆ చాదస్తం వెనక సంగతి ఆయన భార్య ఫాతిమమ్మ ఓ రోజు చాయ్ పోస్తూ చెప్పింది. "మా మరిది బండికి కొక్కెం ఈయనే కట్టిండు బిడ్డా. పెండ్లి సామాను జల్దీ పోవాలని, ఒక్కసారి గుంజి చూడకుండనే పంపిండు. ఘాట్ దిగుతుంటే ట్రాలీ ఊడి బండిని లోయలకు నెట్టింది. పిల్లగాడు మళ్ల ఇంటికి రాలే." షెడ్డు బయట యాకూబ్ భాయ్ ఎవరి బండికో బోల్టు బిగిస్తున్నాడు. ఆ తర్వాత ఆయన కేకలకు నేనెప్పుడూ చిరాకు పడలేదు.

నిరుడు వానలు వెలిశాక పెద్ద జనరేటర్ కొన్నాను. కొక్కెం మార్చాలి. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు చెడి దవాఖానా చుట్టూ తిరుగుతున్నాడు. షెడ్డులో మంచం వేయించుకుని, ఏ బోల్టు ఎక్కడో చెబుతూ నా చేతే బిగింపజేశాడు. చివర్లో తనను లేపి ట్రాలీ మీద కూర్చోబెట్టమన్నాడు.

"ఊపిరే ఆడతలేదు, గీ ముచ్చటొకటా?" అని ఫాతిమమ్మ ఏడ్చింది. నేనూ వద్దన్నాను.

"గట్లయితే బండి కదలనియ్య. నేను లేసినంకనే తీస్కపో" అన్నాడు దగ్గుతూ.

వచ్చిన కిరాయిలు వదులుకుని బండిని అక్కడే ఉంచాను. ఆయన లేవలేదు. ఆ బండి పక్క నుంచే ఆయన జనాజా వెళ్లింది.

ఇప్పుడు ఏ కొక్కెం మార్చినా మొదట నేనే కూర్చుంటాను. ఆయన నలభయ్యో దినం దాటాక మా తమ్ముడికి తాళం ఇచ్చి, మొదటిసారి ఆ అంచున కూర్చున్నాను. కొక్కేన్ని చూడాలనే కూర్చున్నాను. కానీ తలెత్తితే క్యాబిన్ వెనక అద్దంలోంచి బండి నడిపే తమ్ముడి మెడ కనిపించింది. యాకూబ్ భాయ్ ఇన్నేళ్లూ ఎవరిని చూస్తూ కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. అంతలో గతుకు వచ్చింది. నాకు తెలియకుండానే అరిచాను.

"మెల్లగ, తమ్మీ!"