చివరి వరుసలో ఒక దెబ్బ తక్కువ

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదిలో, సిరిసిల్లలో తొమ్మిదో తరగతి చదువుతుండగా, ప్రత్యేక తెలంగాణ కావాలన్న ఉద్యమంతో బడులన్నీ మూతపడ్డాయి. మేమూ ఊరేగింపుల్లో తిరిగాం. నాకు నోరు పెద్దదని అప్పటికే పేరు. మా ఇంగ్లీషు సారుది ఆంధ్ర వైపు ఊరు. ఆయన రేకుపెట్టె పట్టుకుని బస్సెక్కుతుంటే, "వాపస్ పో" అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

తరువాత బడి తెరిచి పరీక్షలన్నారు. దూరదేశంలో ఉన్నవాడు తన ఇంటిని తలచుకునే ఇంగ్లీషు పద్యం ఒకటి సారు మొదలుపెట్టి సగంలో వెళ్లిపోయాడు. దాని నడకా ప్రాసా వివరించమని ప్రశ్న తప్పక వస్తుందన్నారు. పరీక్ష తప్పితే చదువు మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు. నోటుబుక్కులో పద్యం నడకకు గుర్తుగా అక్షరాల మీద సారు పెట్టించిన గీతలు చూస్తే నాకు తల తిరిగేది. అడుగుదామంటే, చెప్పేవాడిని నేనే తరిమాను కదా!

మా తాతకు ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన మగ్గం పక్కన కూర్చుని నేను ఏడుపు గొంతుతో పద్యం బట్టీ పడుతుంటే, తాత నేత ఆపి విన్నాడు.

"మల్ల సదువు పిల్లా. మెత్తగ ఒకటి, గట్టిగ ఒకటి. తొక్కుడు మెత్తగ, దెబ్బ గట్టిగ. మగ్గం లెక్కనే ఉన్నది గదా!"

చదివాను. వరుసకు నాలుగు దెబ్బలు. మొదటి వరుస చివరి మోత మూడోదానిలో, రెండోదాని మోత నాలుగోదానిలో వినిపించింది. తువ్వాల అంచుకు ఎర్రపోగు, తెల్లపోగు మార్చి మార్చి వేసినట్టే ఉంది. చిట్టచివరి వరుసలో మాత్రం మూడే దెబ్బలు పడ్డాయి. తాతకు పద్యం అర్థం చెప్పి, ఇది అచ్చుతప్పు అన్నాను.

"తప్పేంది? ఇల్లు యాదికచ్చి గొంతు పట్టుకున్నది, పాపం." తెగిన పోగు ముడివేస్తూ, "గిది చెప్పిన సారు ఏడున్నడు?" అన్నాడు.

"ఎల్లగొట్టినం తాతా," అన్నాను, కొంచెం గొప్పగానే.

తాత నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మన రాజ్జెం మనం అడుగుడు తప్పు కాదు బిడ్డా. గని గా సారును గట్ల..." అని ఆగాడు. మళ్లీ మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు.

తాత చెప్పినట్టే రాసి పాసయ్యాను. తెలంగాణ వచ్చిన రోజు ఈ ముసలి కాళ్లతో వీధిలో చిందేశాను. అందులో నాకు ఏ సిగ్గూ లేదు. కానీ ఆ రేకుపెట్టె గుర్తొస్తే మాత్రం, నేను చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. తాత ఆపిన మాటను పూర్తి చేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఇంత నోరున్నదాన్ని, అక్కడికొచ్చేసరికి నాకూ మాట రాదు.