ముసాఫిర్‌ఖానాలో రెండు పిలుపులు

మొన్న మా మనవడు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరో కుర్రాళ్ళు బ్యాటరీ లైట్లు పట్టుకుని, పాడుబడ్డ గోడల మధ్య నిలబడి గుసగుసగా మాట్లాడుతున్నారు. చూడగానే పోల్చుకున్నాను. సిద్దిపేట నుంచి బెజ్జంకి పోయే దారిలో, నిజాం కాలంలో బాటసారుల కోసం కట్టిన ముసాఫిర్‌ఖానా అది. ఇక్కడి కాపలా ముసలాయనను దయ్యం గొంతు పిసికి చంపిందని ఒకడు చెబుతుంటే, మనవడు దుప్పటి ముసుగేసుకుని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముసలాయన చనిపోయిన రాత్రి ఆ గదిలో పడుకున్నది మేమే. ఆయన చావుకు కారణం దయ్యం కాదు.

ఎనభైలలో సంగతి. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా పెద్దనాయనకు సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బేరంలో ఎంతటివాణ్ణయినా నిలబెట్టి మాట్లాడేవాడు గానీ, చీకటి పడితే పెరట్లోకి పోవడానికి కూడా పెద్దమ్మను తోడు రమ్మనేవాడు. పెద్దమ్మది భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, దానికి తోడు మడి. ఎక్కడికి పోయినా తన మరచెంబు తన చేతిలోనే ఉండాలి. బెజ్జంకి జాతర చూసుకుని ముగ్గురం ఆఖరి బస్సులో వస్తుంటే గాలివాన పట్టుకుంది, బస్సు ఆగిపోయింది. మిగతా జనం పక్క ఊరికి నడిచిపోయారు. పెద్దమ్మ మాత్రం ఒక్క అడుగు కూడా వేయలేనని రోడ్డు మీద కూలబడింది. అప్పుడు డ్రైవరు చేయి చాపి, చెట్ల వెనక కనిపిస్తున్న ముసాఫిర్‌ఖానాను చూపించాడు. దాని గురించి మేము వినకపోలేదు. కాన్పు కష్టమై అక్కడ చచ్చిపోయిన ఒక దొరసాని రాత్రిపూట తలుపు దగ్గర నిలబడి నీళ్ళడుగుతుందని దుకాణానికి వచ్చేవాళ్ళంతా చెప్పేవాళ్ళే. అయినా ఆ వానలో వేరే దారి లేకపోయింది.

కాపలా ముసలాయన సన్నగా, కొంచెం వంగి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఇంటికి చుట్టాలొచ్చినంత సంబరపడ్డాడు. నులక మంచం వాల్చాడు, గదంతా ఊడ్చాడు, తన దగ్గర ఉన్న ఒక్క లాంతరూ తెచ్చి మాకే ఇచ్చాడు. నీకెట్లా అని నేనడిగితే, నలభై ఏళ్ళు తిరిగిన జాగలో తనకు దీపమెందుకన్నాడు. ఆయన కుండలో నీళ్ళు తాగనని పెద్దమ్మ మొహం మీదే చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం చిన్నబుచ్చుకోకుండా బకెట్టును బూడిదతో తోమి, బావికి దూరంగా నిలబడి, నన్నే చేదుకోమన్నాడు. ఆ తర్వాత గడప బయట కూర్చుని దొరసాని కథ మొదలుపెట్టాడు. ఆయన చెప్పే తీరు చూస్తే ఆ దయ్యం ఆయనకు దూరపు చుట్టమేమో అనిపించింది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పడం ఆయనకున్న ఒక్క వినోదం కాబోలు. పోతూ పోతూ పెద్దనాయనతో ఇట్లా అన్నాడు:

"సేటూ, రాత్రి ఎవలు పిలిచినా పలుకకున్రి. దయ్యం రెండుమాట్లే పిలుస్తది. మూడోమాటు పిలిస్తే మనిషన్నట్టు, అప్పుడు తలుపు తియ్యున్రి."

మా ఇళ్ళలోనూ ఈ పట్టింపు ఉండేది. చీకటి పడ్డాక బయటి నుంచి ఎవరు పిలిచినా మూడోసారికి గానీ మా నాయనమ్మ పలికేది కాదు. కాబట్టి ఆ మాట మాకు కొత్తగా అనిపించలేదు. గడియ పెట్టుకుని పడుకున్నాం. వాన వెలిసింది. రోడ్డు మీద సిద్దిపేట వైపు పోయే లారీల చప్పుడు ఉండుండి వినిపిస్తోంది. ఎప్పుడో కునుకు పట్టింది.

"సేటూ..."

ముగ్గురం ఒక్కసారే లేచి కూర్చున్నాం. గొంతు తలుపు దగ్గరే ఉంది గానీ, మాట ముద్దముద్దగా, నోట్లో ఏదో పెట్టుకుని పలికినట్టుగా ఉంది. పెద్దనాయన లేచి గడియ మీద చేయి వేశాడు. పెద్దమ్మ ఆయన చేయి పట్టుకుని, మూడోది రానీయమన్నట్టు మూడు వేళ్ళు చూపింది. తలుపు కింద ఏదో గీరిన చప్పుడైంది. కాసేపటికి మళ్ళీ, ఇంకా కిందినుంచి, "బిడ్డా" అని వినిపించింది. ఆ పిలుపు నన్నే. బావి దగ్గర ఆయన నన్ను అట్లాగే పిలిచాడు. తాత గొంతే అనబోతుంటే పెద్దమ్మ అరచేత్తో నా నోరు మూసింది. "పలుకకే, పానం గుంజుకపోతది" అంది. కాసేపటికి చేయి తీసింది. తీశాక కూడా నేను పలకలేదు. ఇందులో పెద్దమ్మ తప్పేమీ లేదు. లాంతరు ఎదురుగా పెట్టుకుని ముగ్గురం తెల్లవారేదాకా మూడో పిలుపు కోసం కూర్చున్నాం.

తెల్లారి తలుపు తీస్తే ఆయన మెట్ల మీద బోర్లా పడి ఉన్నాడు. కాలి మడమ దగ్గర రెండు చుక్కలు, పైన తన తలగుడ్డ చించి తానే కట్టుకున్న కట్టు. చీకట్లో నడుస్తూ పామును తొక్కాడు. పామువిషానికి నాలుక మడతపడుతుందని అప్పుడు వచ్చిన ఊరివాళ్ళు చెబితే తెలిసింది. ఏ లారీనో ఆపి సిద్దిపేట దవాఖానకు తీసుకపోతే బతికేవాడని కూడా వాళ్ళే అన్నారు. ఇంతలో ఆయన బిడ్డ వచ్చింది, తండ్రికి రోజూ తెచ్చే జొన్నరొట్టెల మూట చేతిలోనే ఉంది. ఆమె ఏడవలేదు. మా గదిలో ఇంకా వెలుగుతున్న లాంతరును చూసి, పెద్దనాయన వైపు తిరిగింది.

"రాత్రి మా నాయిన మిమ్ముల పిలువలేదా సేటూ?"

"లేదు బిడ్డా. మాకేం ఇనరాలే," అన్నాడు పెద్దనాయన.

అప్పుడామె నన్ను అడిగింది. "నువ్వన్న ఇన్నవా అక్కా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఊరికి వచ్చాక, దొరసాని దయ్యమే ముసలాయనను తీసుకుపోయిందన్న మాట దుకాణంలో పెద్దనాయన నోటినుంచే బయటికి వచ్చింది. అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ మాట ఊరూరా తిరిగింది. పెద్దనాయన మాత్రం ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏ వేళలో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచి పోయేవాడు. చీకటి భయం ఏమైందో తెలియదు. ఆ బిడ్డ దగ్గరికి పోయి నిజం చెప్పి రావాలని నాకు చాలాసార్లు అనిపించింది. పెద్దనాయన ఉన్నప్పుడు ఆయన పరువు అడ్డం వచ్చింది. ఆయన పోయాక, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని ఆమె అడుగుతుందేమోనని భయం వేసింది. ఆమెకూ ఇప్పుడు అరవై దాటి ఉంటాయి, ఉందో లేదో కూడా తెలియదు. పెద్దమ్మ పోయి కూడా పదేళ్ళయింది. కాలం గడిస్తే బరువు దిగుతుందనుకున్నాను గానీ, కాలం నాతోపాటు మోసేవాళ్ళను తీసుకుపోయిందంతే.