గెడ్డ ఎండని మోడల్

మా పీహెచ్‌డీ గైడు చేపను కంచంలో తప్ప ఎక్కడా చూడలేదు. అదీ ముళ్లు తీసినదైతేనే. అలాంటి మనిషి కంప్యూటర్లో చెరువులు తవ్వాడు. వాటిలో జీవాలంటే అంకెలే. ఒకదాన్నొకటి తింటాయి. పిల్లలు తల్లికన్నా కాస్త పెద్దగానో చిన్నగానో పుడతాయి. తరాలు గడిచేసరికి కొత్త జాతులు వస్తాయి. చెరువుకీ చెరువుకీ మధ్య ఒక దారి. ఆయన మోడల్లో ఆ దారి ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

మా అత్తవారి ఊరు నరసన్నపేట దగ్గర. ఊరి ముందు గెడ్డ, అంటే చిన్న వాగు, వానల్లోనే పారుతుంది. చేపలు ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి ఎక్కేది అప్పుడే. తర్వాత అంతా ఇసుక. అందుకని వేసవిలో దారి మూసి మోడల్ నడిపాను. తెరిచి ఉంచితే ఒకే పెద్ద జాతి అన్ని చెరువులకూ పాకి మిగతావాటిని తినేసేది. మూస్తే ఏ చెరువు జాతులు ఆ చెరువులో మిగిలాయి. అది నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం.

"తీసెయ్యమ్మా. గెడ్డలూ గుంటలూ సైన్సు కాదు," అన్నాడు మా గైడు.

ఆయన సంతకం లేనిదే థీసిస్ కదలదు. నా గడువు ఈ ఏడాదితో ఆఖరు. అది దాటితే ఇంట్లో మళ్లీ చదువు మాట ఎత్తనివ్వరు.

మా పాప అన్నప్రాశనకు అత్తవారి ఊరికి పిలిస్తే ఆయన మండుటెండలో వచ్చాడు. కారు అవతలి గట్టునే ఆగిపోయింది. బూట్లు చేత్తో పట్టుకుని, కాళ్లు కాలి గంతులేస్తూ గెడ్డ దాటాడు.

"ఇదేం దారమ్మా! ఇందులో నీళ్లుండవా?"

"ఎండల్లో నీల్లెక్కడుంటాయి బాబూ? వానలు పడితేనే వస్తాది గెడ్డ," అంది మా అత్త.

పాప ముందు పుస్తకం, కలం, బంగారం పెట్టాం. ఏది పట్టుకుంటే అందులో రాణిస్తుందంటారు. ఆయన సంచిలోంచి తన పరిశోధన పత్రం తీసి, కలాన్ని పక్కకు నెట్టి, పాప చేతికందేలా పెట్టాడు. పాప దాన్నే పట్టుకుంది. నోట్లో పెట్టుకుని నమిలింది. ఆ పత్రాన్ని అంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్లు ఇంకెవరూ ఉండరు.

"సూశారా, సదువే పట్టుకున్నాది!" అని అత్త మురిసిపోయింది. ఆయన అంతకన్నా మురిశాడు.

నేనింక ఆగలేకపోయాను. "గెడ్డ దాటేటప్పుడు మీ వెనక ఎన్ని చేపలొచ్చాయి సార్?"

ఆయన ముఖం మాడిపోయింది. "నాలుగో అధ్యాయం లేకుండా తీసుకురా. అప్పుడు సంతకం సంగతి చూద్దాం."

భోజనం మాత్రం వదల్లేదు. కడుపునిండా తిని, బూట్లు చేత్తో పట్టుకుని, మళ్లీ గంతులేస్తూ వెళ్లాడు.

అధ్యాయం తీయకుండానే పంపాను. సంతకం ఇంకా రాలేదు. పాప పడుకుంటేగానీ రాసుకోవడానికి వీలు దొరకదు. గడువు దగ్గరికొస్తోంది, రోజూ భయమే. అయినా వేసవిలో నా మోడల్ గెడ్డకు నీళ్లు పెట్టను.