బోర్డు లేని మూడు రోజులు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేం మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో ఉంటాం. పెద్ద కట్టడాలకు కావాల్సిన అనుమతులు తెచ్చిపెట్టే ఆఫీసులో నా ఉద్యోగం. అప్పటికి నేను కొత్త. నా ఒక్కడి చేతికే ఇచ్చిన మొదటి ఫైలు ఒక విదేశీ కంపెనీది. మా పేటకు దగ్గర్లో బ్రహ్మాండమైన స్టోర్ కట్టాలని వచ్చారు వాళ్ళు.

ఆ ఫైలు చదువుతుంటే నాకు నోరు తెరుచుకుపోయేది. బయటి దేశం వాళ్ళు ఇక్కడ అంత స్థలం కొనాలంటే ముందు కాన్‌బెర్రాలోని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. కంపెనీ ఎవరిది, వెనుక ఏ ప్రభుత్వానికైనా వాటా ఉందా, ఈ కొనుగోలు దేశానికి మేలేనా అని గుచ్చి గుచ్చి అడిగారు. అవన్నీ దాటి ఒడ్డెక్కాక, ఆఖర్న మా ప్రాంతపు కౌన్సిల్ ఒక బోర్డు పెట్టమంది. ఇక్కడ ఫలానాది కట్టబోతున్నాం, అభ్యంతరముంటే చెప్పండి అని, రోడ్డున పోయేవాళ్ళకు కనబడేట్టు, పద్నాలుగు రోజులు. సముద్రాలు దాటి వచ్చిన కంపెనీ, ఎదుటి కొట్టు మనిషి ఏమంటుందోనని రెండు వారాలు ఆగాలట! ఇలాంటి చట్టం రాసినవాళ్ళకు దండం పెట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. మరి అంత గౌరవం ఉన్నవాణ్ణి ఆ పని ఎలా చేశాను?

బోర్డు పెట్టాల్సిన రోజు చతుర్దశి. మర్నాడు అమావాస్య. ఆ మర్నాడు పాడ్యమి. మొదటి ఫైలు కదా, విదియనాడు పెడితే కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. పెద్దవాళ్ళెవరో చెప్పారని తప్పించుకోను. పంచాంగం నా ఫోనులోనే ఉంది. మొదటి రోజు పొద్దున్నే మా బాసు ఫోన్ చేసి పెట్టావా అని అడిగితే, పెట్టానన్నాను. బోర్డేమో నా కారు డిక్కీలో ఉంది. నాలుగో రోజున, విదియ ఘడియలు చూసుకుని మరీ పాతాను. కొబ్బరికాయ ఒక్కటే తక్కువ.

నాలుగో రోజు పెట్టినది పదిహేడో రోజు దాకా ఉంచాలి. ఉంచితే ఆఫీసులో నా అబద్ధం బయటపడుతుంది. కాబట్టి కాగితం ప్రకారం పద్నాలుగో రోజు సాయంత్రమే పీకేశాను. ఇక్కడ ప్రమాణపత్రానికి ఫార్మసిస్టు సాక్షి సంతకం చెల్లుతుంది. మర్నాడు మందుల షాపుకు వెళ్ళి, అతని సాక్షిగా, బోర్డు పద్నాలుగు రోజులూ ఉందని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాను. అబద్ధమైతే నేరమని దాని మీదే రాసి ఉంది. చదివాను కూడా. చదివే సంతకం పెట్టాను. ఎలా పెట్టగలిగానా అని ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఆ స్థలానికి రోడ్డవతల ఒక తెలుగు ఆంటీ కొట్టు. తెనాలివాళ్ళు. నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు, పరీక్షల రోజుల్లో వెళ్తే, కౌంటర్ వెనక స్టూల్ వేసి పెరుగన్నం పెట్టిన మనిషి. ఆ రెండు వారాలూ కూతురి పురుటికని కొట్టు మూసి సిడ్నీ వెళ్ళింది. పదిహేనో రోజున తిరిగొచ్చింది. కౌన్సిల్ నోటీసు ఉత్తరాలు ఆ స్థలంతో కంచె కలిసినవాళ్ళకే వెళ్ళాయి. రోడ్డవతలివాళ్ళకు ఆ బోర్డే దిక్కు.

అనుమతి వచ్చేసింది. స్టోర్‌కు సరుకు లారీలు వచ్చే గేటు సరిగ్గా ఆమె కొట్టుకు ఎదురుగా తెరుస్తున్నారని పునాదులు తీసేటప్పుడు ఆమెకు తెలిసింది. ఆ శనివారం నేను పప్పులు కొనడానికి వెళ్ళాను.

“బాబూ, నువ్వు చేసేది ఈ పర్మిషన్ల ఆఫీసులోనేగా. బోర్డేమన్నా పెట్టారా వీళ్ళు? నాకైతే కనబళ్ళేదే,” అంది.

“మా ఆఫీసే పెట్టింది ఆంటీ. ఫోర్టీన్ డేసూ ఉంది.”

“ఎప్పుడు?”

“మీరు సిడ్నీ వెళ్ళినప్పుడు.”

ఆమె పప్పు పొట్లానికి దారం చుట్టింది. “అయితే నాదేలే పొరపాటు. నేనే ఊళ్ళో లేకపోతిని. ఇక్కడోళ్ళు రూల్ ప్రకారమేగా చేస్తారు,” అంది. అని, పొట్లం నా సంచిలో పెట్టింది.

అంత తేలిగ్గా నమ్మింది. తప్పు తన మీద వేసుకుని మరీ నమ్మింది.

లారీలు మొదలయ్యాయి. కొట్టు ముందు కారు ఆపడానికి జనం జంకారు. రెండేళ్ళకు ఆంటీ కొట్టు ఎత్తేసింది. బోర్డు చూసి ఉంటే ఆపగలిగేదా? చెప్పలేను. పోటీ వస్తుందంటే కౌన్సిల్ వినదు, లారీల సంగతైతే వింటుంది. గేటు పక్క వీధికి జరిపించేవారేమో, జరిపించకపోయేవారేమో. ఆ “ఏమో” తేలాల్సింది ఆమె నోటి మాట మీద. ఆ మాట అనే రోజుల్ని నేను ఆమెకు లేకుండా చేశాను.

స్టోర్ మాత్రం మహా అద్భుతంగా ఉంటుంది. మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు తలెత్తి చూస్తే కప్పు కింద పిచ్చుకలు ఎగురుతున్నాయి. ఆకాశం లోపలికి వచ్చిందా అనిపించింది. కళ్ళు తిప్పుకోలేకపోయాను. చూస్తూ చూస్తూనే సిగ్గుపడ్డాను.

ఆంటీ ఇప్పుడు అందులోనే పనిచేస్తోంది, బేకరీ వైపు. పోయిన నెల నన్ను చూసి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, ఈ స్టోర్‌కు పర్మిషన్ తెచ్చింది మా అబ్బాయేనని పక్కనున్న అమ్మాయికి ఇంగ్లీషులో గర్వంగా చెప్పింది. నేను నవ్వాను. అవును, నవ్వాను. అప్పుడైనా చెప్పాల్సింది.

ఇక్కడ, మీ ముందు చెబుతున్నాను. చెప్పినందువల్ల ఆమె కొట్టు తిరిగి రాదని తెలుసు. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది. ఆంటీ, పొరపాటు మీది కాదు. మీరు సిడ్నీ నుంచి వచ్చిన రోజు ఆ బోర్డు అక్కడ ఉండాలి. ముందురోజు సాయంత్రం నేనే పీకేశాను.