వీపున బ్యాటరీ, చేతుల్లో దణ్ణం

యజమానురాలిని ఇల్లంతా తరిమి కూడా ఉద్యోగం నిలబెట్టుకున్న డ్రైవరు కువైట్‌లో నాకు తెలిసి ఒక్కడే. ఆ ఘనుణ్ణి నేనే. ముందే చెబుతున్నాను, చివరికొచ్చేసరికి నా పరువు మిగలదు.

అప్పట్లో సల్వాలో ఒక ఇంట్లో పనిచేసేవాణ్ణి. ఇంటి పెద్దాయన్ను బాబా అనీ, ఆయన కూతుర్ని, అంటే మా యజమానురాలిని, మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా కాళ్ళలో బలం పోయి చక్రాల కుర్చీకే అతుక్కుపోయారు. మామా ఆయనకోసం కాళ్ళకు తొడుక్కునే నడక యంత్రం ఒకటి వారం రోజులు వాడి చూడ్డానికి తెప్పించింది. నడుముకూ తొడలకూ పిక్కలకూ పట్టీలు, వీపున బ్యాటరీ.

"ముందుకు వంగితే నడుస్తుంది, నిటారుగా నిలబడితే ఆగుతుంది" అని తెచ్చినవాడు చెప్పాడు. నేను బుద్ధిమంతుడిలా తలూపాను గానీ, ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు.

బాబా "నేనేమన్నా కీలుబొమ్మనా?" అని ఆరు రోజులూ దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు తిరిగి పంపేయాలి. మామా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అలికిడి లేదు. అమలాపురంలో ఉన్న మా ఆవిడకు చూపిద్దామని యంత్రం తగిలించుకుని వీడియో కాల్ చేశాను.

"ఏంటండీ ఆ పట్టీలు? నడుం పట్టేసిందా?"

"నడిపించే మిషనే ఇది. ఎంత దర్జాగా ఉన్నానో చూడు."

"మీ దర్జా సంతకెళ్ళా. అమ్మగారు చూస్తే ఊరుకుంటారేంటండీ?"

ఆ మాట పూర్తయ్యేలోపు అమ్మగారే తలుపు తోసుకుని వచ్చింది. తప్పు చేసి దొరికిపోతే నాకు తెలిసిన విద్య ఒకటే. చేతులు జోడించి నడుం వంచాను. యంత్రం అడుగేసింది.

"బస్, బస్. ఆగు" అంది మామా.

"సారీ మామా" అని ఇంకాస్త వంగాను. యంత్రం ఇంకో రెండడుగులు వేసింది. ఆవిడ వెనక్కి, నేను ముందుకు. ఆవిడ కోపం పెరిగేకొద్దీ నా వినయం, నా వినయం పెరిగేకొద్దీ నడక. అలా హాల్లోకి వచ్చిపడ్డాం.

"దణ్ణాలు తర్వాత పెడుదురు గానీ, ముందు ఆగండి మహానుభావా" అని ఫోన్లోంచి మా ఆవిడ.

కుర్చీలోంచి బాబా గద్దించారు. "నిటారుగా నిలబడు, గాడిదా."

నిలబడ్డాను. ఆగింది. ముట్టుకోనన్న పెద్దాయన, తెచ్చినవాడు చెప్పిన ప్రతి మాటా విన్నారన్నమాట.

నా ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను. బాబా మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు విని నెలలైంది.

"వాడికి విప్పి నాకు కట్టండి. ఈ గాడిదకన్నా నేను నయం."

నా భుజం పట్టుకుని హాలంతా నడిచారు. మామా ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. మామా ఆ యంత్రాన్ని కొనేసింది. ఆ తర్వాత రెండేళ్ళపాటు, రోజూ సాయంత్రం స్నేహితులు కూర్చునే దివానియా గదికి ఆయనే నడిచి వెళ్ళేవారు. వెళ్ళిన ప్రతిసారీ నన్ను చూపించి ఈ కథ చెప్పేవారు.

ఇప్పుడు బాబా లేరు. నేను కువైట్‌లోనే హవల్లీలో స్కూలు బస్సు నడుపుతున్నాను. అందరూ మర్యాదగానే పిలుస్తారు. గాడిదా అనేవారు లేకపోవడమే వెలితి.

మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వీపున బ్యాటరీ ఉండగా ఈ జన్మలో ఎవరికీ దణ్ణం పెట్టను. ఎంత పెద్ద తప్పు చేసినా నిటారుగా నిలబడే ఒప్పుకుంటాను.