అరువు తెచ్చిన మురికి

ఆ ఇంటి కోడలికి శుభ్రమంటే ప్రాణం. గిన్నె తోమితే అందులో ముఖం కనపడాలి, నేల తుడిస్తే చీమ కాలు జారాలి. "మా కోడలు చీపురు పట్టిందంటే సాలెపురుగులు మూటాముల్లె సర్దుకుంటాయి" అని అత్తగారు ఎదురింటివాళ్ళకు చెప్పి నవ్వేది. ఆ నవ్వుతోనే ముందుగదిలోని నాలుగడుగుల గాజుతొట్టి వైపు వేలు చూపించి, "దాని జోలికి మాత్రం రాకే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అనేది.

అత్తగారు చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టిన మనిషి. పని విరమించిన రోజున తోటివాళ్ళంతా కలిసి ఆ తొట్టినీ, అందులోకి బొటనవేలంత ఆస్కార్ చేపపిల్లనూ ఇచ్చారు. ఐదేళ్ళలో ఆ బొటనవేలు జానెడు దాటింది. నల్లటి ఒళ్ళు, దాని మీద నిప్పురంగు మరకలు, లావుపాటి పెదవులు. గదిలోకి ఎవరొచ్చినా గాజు దాకా వచ్చి ఎగాదిగా చూసేది. తొట్టిలో రాయి ఒకటి అటుదిటు జరిపితే చాలు, అడుగున ఓ పక్కకు ఒరిగి పూటంతా అలిగేది. "ఆడపిల్లల్ని కనలేదని నాకు ఈ అలకల అల్లుడు దొరికాడే" అని మురిసిపోయేది అత్తగారు. దాంతో దానికి అల్లుడుగారనే పేరు స్థిరపడింది.

ఆవిడకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులుంది. కొడుకుకు ఏమీ చెప్పలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, "అల్లుణ్ణి చూసుకోవే" అంది. అంతే.

కోడలు ఏడవలేదు. ఏడుపొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కడిగింది. పరదాలయ్యాయి, బీరువా అరలయ్యాయి, ఫ్యాను రెక్కలయ్యాయి. అత్తగారు పోయిన ఇరవయ్యో రోజున ఇంట్లో కడగడానికి తొట్టి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఫిల్టరు విప్పితే లోపలి స్పాంజి నిండా గోధుమరంగు జిగట. "ఛీ ఛీ, ఇందులోనా అల్లుడుగారు కాపురం చేసేది!" అనుకుని సబ్బు పెట్టి, కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేసింది. రాళ్ళు తోమింది. పాతనీళ్ళన్నీ పారబోసి కొత్తనీళ్ళు పోసింది. తొట్టి అద్దంలా మెరిసింది. అత్తయ్య చూస్తే నోరెళ్ళబెట్టేది కదా అనుకుంది.

మూడోరోజుకు నీళ్ళు పాలు కలిపినట్టయ్యాయి. అల్లుడుగారు రెక్కలు ముడుచుకుని, పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు.

"అలిగాడేమోలేవే" అన్నాడు భర్త, బస్సు డ్యూటీకి చొక్కా తొడుక్కుంటూ.

"అలిగితే అడుగున పడుకుంటాడండీ. ఇది అలక కాదు."

"చేపే కదా. అమ్మే పోయింది, ఇంక చేపకేం?"

"ఆవిడ పోతూ పోతూ నన్నడిగింది ఒక్కటే" అంది. ఆయన బొత్తాలు పెట్టుకుని, తలుపు దగ్గర ఆగి, పెంపుడు చేపల దుకాణానికి ఏ బస్సెక్కాలో చెప్పి వెళ్ళాడు.

ఆమె తొట్టినీళ్ళు సీసాలో పట్టుకుని వెళ్ళింది. దుకాణం ఆయన సీసాను వెలుతురులో పెట్టి చూశాడు. "స్పాంజి కడిగావా అమ్మా?"

"కడిగానన్నయ్యా. సబ్బు పెట్టి మూడుసార్లు!"

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "నీ శుభ్రం బంగారం కానూ! ఆ జిగట మురికి కాదమ్మా. కంటికి కనపడని సూక్ష్మజీవులు అందులో ఊళ్ళకు ఊళ్ళు కట్టుకుని ఉంటాయి. చేప వదిలే విషాన్ని తినేది అవే. నువ్వు ఊరంతా ఖాళీ చేయించావు. ఇప్పుడు వాడు తన విషంలో తనే ఉన్నాడు."

"అయితే నేనే చంపేశానా?"

"చచ్చాడని ఎవరన్నారు? ఉండు."

లోపల పాత తొట్టిలోంచి ఒక స్పాంజి తీసుకొచ్చాడు. నల్లగా, జిగటగా, వాసనేస్తోంది. తొట్టినీళ్ళతోనే సంచిలో వేసి ఇచ్చాడు. "ఇది నీ ఫిల్టర్లో పెట్టు. నాలుగురోజులు మేత వద్దు. రోజూ పావు వంతు నీళ్ళు మార్చు, అవీ క్లోరిన్ పోయేలా ముందురోజు పట్టి ఉంచినవి. దీన్ని కడిగావో, మళ్ళీ నా మెట్లెక్కకు!"

గిన్నెకు జిడ్డుంటే నిద్రపట్టని మనిషి, ఊరివాళ్ళ మురికిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. పక్కసీటావిడ ముక్కు మూసుకుని, "ఏంటమ్మా అది?" అని అడిగింది. "మందండీ" అంది కోడలు.

ఆ వారమంతా ఇంట్లో ఎటు చూసినా పట్టి ఉంచిన నీళ్ళే. బకెట్లు, బేసిన్లు, ఆఖరికి అన్నం వార్చే గిన్నె కూడా. నీళ్ళు మార్చడం అయ్యాక తొట్టి ముందు కూర్చునేది. గాజు మీద పాకుడు కనపడుతుంటే చేతులు జివ్వుమనేవి. ముట్టుకోకూడదు. ఒళ్ళో చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం పెళ్ళయ్యాక ఆమెకు అదే మొదలు. రెండోరోజు అలా కూర్చున్నప్పుడే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కొంగు తడిసేదాకా ఏడ్చింది. అల్లుడుగారు గాలి మింగుతూ చూస్తున్నాడు.

ఐదోరోజుకు నీళ్ళు కాస్త తేటబడ్డాయి. ఆరోరోజు చేప పైనుంచి నడిమికి దిగింది. మేతగింజ ఒకటి వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. "వంక పెడుతున్నాడంటే బతుకుతాడు" అన్నాడు భర్త. మర్నాడు పొద్దున రెండు తిన్నాడు. మూడోది కావాలని గాజును ముట్టెతో పొడిచాడు. దుకాణం ఆయనకు ఫోన్ చేస్తే, "ఇంకో జానెడు పెరగకపోయినా నాలుగువేళ్ళు పెరుగుతాడమ్మా. పదేళ్ళపైనే ఉంటాడు. ఆ నాలుగడుగుల ఇల్లు చాలదు వాడికి" అన్నాడు.

ఆ ఆదివారం కోడలు టేపు తీసి భర్త చేతిలో పెట్టింది.

"ఆరడుగుల తొట్టా? సోఫా ఎక్కడికి పోవాలే?"

"మనకు కూర్చోవడానికి బోలెడంత నేలుంది. మీరా చివర పట్టుకోండి."

ఆయన గొణుక్కుంటూ గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఆమె టేపు లాగుతూ కిటికీ దాకా నడిచింది.